రింగులు కుదురుకున్న రోజు

ఆ శనివారం పొద్దున కంగారు పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ పెట్టాలి. కూతురు కారులో ఇంజన్ ఆయిల్ పోస్తుంటే ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడాలి. కారు వీధి మలుపు తిరగ్గానే తలుపు గడియ వేసుకొని, ఎన్నాళ్ళుగానో అలిగి వెళ్ళిపోయిన నిద్రను పిలుచుకొని కాసేపు నడుం వాల్చాలి. ఇంత చిన్న పథకానికి అడ్డేముంటుందిలే అనుకుంది. అది ఆమె చేసిన రెండో పొరపాటు. మొదటిది ముందురోజు సాయంత్రమే చేసేసింది.

వీధిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. గాలి వీస్తే కిటికీ రెక్క ఎవరి నెత్తి పగలగొడుతుందోనని, వీయకపోతే ఎవరికి ఊపిరాడదోనని బెంగపడే మనిషి కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆమె కంగారు పిన్నే. భర్త వాచీలు బాగుచేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. సన్నటి మరల మీద పనిచేసేటప్పుడు చెయ్యి అదరకూడదని ఫోను మోగకుండా నొక్కేసి జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాత అది జేబులో ఉందన్న సంగతే మరిచిపోతాడు. ఒక్కగానొక్క కూతురు చిట్టి. ఆ పిల్లకు తండ్రి ఓర్పూ తల్లి పట్టుదలా వచ్చాయి గానీ, భయం మాత్రం ఎవరి దగ్గరా పుచ్చుకోలేదు. పిన్ని బాధంతా అదే.

చిట్టికి కొండ అవతల పాల కేంద్రంలో పాలు పరీక్షించే ఉద్యోగం వచ్చింది. సోమవారం చేరాలి. రోజూ కొండ దారి ఎక్కి దిగాలి. ఇంట్లో ఉన్నదేమో తాతగారి నాటి కారు. అది కదిలితే వీధంతా దోమల మందు కొట్టినట్టు నీలం పొగ కమ్మేది. అందుకని కార్లు బాగుచేసే మేస్త్రీ చేత ఇంజను విప్పించి, సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేయించారు. చిట్టి ముందే తేల్చి చెప్పేసింది.

"చూడమ్మా, శనివారం కొండెక్కిస్తాను. ఎక్కాక సైలెన్సర్ దగ్గర తెల్లగుడ్డ పట్టి చూస్తాను. మరక పడకపోతే కారులోనే వెళ్తా. పడిందా, కారు పాత ఇనుప సామాన్లవాడికి. నేను మేస్త్రీ షెడ్డులో అమ్మకానికున్న ఎర్ర మోటార్ సైకిల్ మీద. అప్పుడు ఏడిస్తే ఊరుకోను."

ఆ ఎర్ర మోటార్ సైకిల్ మాట చెవిన పడ్డప్పటి నుంచి పిన్నికి అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే కొండ మలుపు, తెరిస్తే లోయ. "వదిలేస్తే పడిపోయే వస్తువు మీద ఎవరైనా కోరి కూర్చుంటారా?" అని భర్తను అడిగింది. ఆయన కంటికి బిగించుకున్న భూతద్దం తియ్యకుండానే "నిజమే" అన్నాడు. ఆయన దేనికైనా అలాగే అంటాడు.

కాబట్టి ఆ ఇంజను నిలబడాలి. పిన్నికి కావలసింది అదొక్కటే.

శుక్రవారం సాయంత్రం చిట్టి ఆయిల్ డబ్బా తెచ్చి వరండాలో పెట్టింది. వెలిసిపోయినట్టున్న బూడిద రంగు డబ్బా. మామూలు మినరల్ ఆయిల్. మేస్త్రీ అదే పొయ్యమన్నాడట. దాన్ని చూడగానే పిన్ని ప్రాణం ఉసూరుమంది. కోసి, లోపలి అవయవాలు మార్చి, మళ్ళీ బిగించిన ఇంజను! ఆపరేషనైన మనిషికి వీధి కుళాయి నీళ్ళు పడతామా? చెప్పులేసుకొని గబగబా ఆయిల్ షాపుకు వెళ్ళింది.

"నీ షాపులో ఉన్నవాటిల్లోకల్లా మంచిది ఇవ్వు నాయనా."

"ఏ బండికమ్మా?"

"బండి సంగతి నీకెందుకు? ప్రాణం మీదికొచ్చింది, ఇవ్వు."

షాపువాడు పై అర నుంచి బంగారు రంగు డబ్బా ఒకటి దింపి, తుడిచి, ముందు పెట్టాడు. సింథటిక్ అన్నాడు. నమూనా సీసాలోంచి ఒక చుక్క ఆమె వేలి మీద వేసి "రుద్ది చూడండమ్మా, జారుడంటే ఇదీ!" అన్నాడు. నిజంగానే పట్టులా జారింది. పిన్ని మనసు కూడా జారింది.

ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి బట్టలు నానబెట్టే బకెట్ తెచ్చుకుంది. బూడిద డబ్బాలోది బకెట్లోకి, బంగారు డబ్బాలోది బూడిద డబ్బాలోకి, బకెట్లోది బంగారు డబ్బాలోకి పోసి మూతలు బిగించింది. ఇక పైకి చూస్తే అంతా చిట్టి చెప్పినట్టే, లోపల అంతా తల్లి మనసు. బంగారు డబ్బాను సామాన్ల గదిలో దుప్పట్ల మూట వెనక దాచింది. జిడ్డు బకెట్లో సబ్బు నీళ్ళు పోసి పెరట్లో ఒక మూలకు నెట్టింది. పొద్దున చూస్తే బకెట్ శుభ్రంగా కడిగి బోర్లించి ఉంది. 'కంగారులో నేనే కడిగేసి ఉంటాను' అనుకుంది. ఆమెకు అలాంటివి కొత్త కాదు. పెట్టుకున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికే మనిషి.

చిట్టి బానెట్ ఎత్తి, బూడిద డబ్బాలోని ఆయిల్ ఇంజనులో పోసింది. తండ్రి ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, గడియారం ముల్లు చూసినంత శ్రద్ధగా చూసి తలూపాడు. పిన్ని ఒక పక్కనా, ఆయన మరో పక్కనా నిలబడి ఒకే రకంగా, లోలోపల నవ్వుకున్నారు. ఆ నవ్వుల్ని అప్పుడే ఎవరైనా అనుమానించి ఉంటే ఈ కథ అక్కడితో అయిపోయేది.

"ఫోను ముట్టుకోనని ఒట్టెయ్యి" అంది పిన్ని, కారు కిటికీ పట్టుకొని.

"నిన్ననే వేశాను కదమ్మా!"

"అది నిన్నటిది. దారిలో ఎవరు చెయ్యి ఊపినా ఆపకు. మంచివాళ్ళెవరూ నడిరోడ్డు మీద చేతులూపరు."

"పాపం ముసలమ్మెవరైనా ఊపితే?"

"ముసలమ్మయితే అసలే ఆపకు. అవన్నీ వేషాలు. మెల్లగా వెళ్ళు తల్లీ."

"మెల్లగా వెళ్తే కొత్త రింగులు కుదురుకోవటమ్మా. ఎత్తు మీద గట్టిగా తొక్కాలి, వదలాలి, మళ్ళీ తొక్కాలి. మేస్త్రీ మరీ మరీ చెప్పాడు."

"వాడిదేం పోయింది, తొక్కమంటాడు" అని పిన్ని గొణుగుతుండగానే తండ్రినీ కూతుర్నీ ఎక్కించుకొని కారు వీధి మలుపు తిరిగింది.

పిన్ని తలుపేసుకొని నడుం వాల్చింది. కళ్ళు మూతలు పడుతుండగా గుమ్మం ముందు డబడబమని చప్పుడు. తెరిచి చూస్తే మేస్త్రీ. వచ్చింది దేని మీదయ్యా అంటే ఆ ఎర్ర మోటార్ సైకిల్ మీదే.

"బేరం వచ్చేదాకా తిప్పుతూ ఉండాలి అక్కా, లేకపోతే బ్యాటరీ చచ్చిపోతుంది" అన్నాడు ఆమె చూపు కనిపెట్టి. "చిట్టమ్మ వెళ్ళిపోయిందా? నా స్పానర్ ఒకటి మీ బానెట్లో మరిచిపోయానే."

"అయ్యయ్యో! కడుపులో కత్తెర పెట్టి కుట్టేసినట్టా!"

"అంత లేదక్కా. బ్యాటరీ పక్కన ఉంటుంది, అది చేసే హాని లేదు. నాకే అది లేకపోతే చెయ్యి విరిగినట్టుంటుంది." వరండాలో మోడా లాక్కొని కూర్చున్నాడు. కాఫీ గ్లాసు చేతికొస్తే మేస్త్రీకి ఉపన్యాసం దానంతటదే వస్తుంది. "ఇంజనంటే ఏమనుకున్నారు? కొత్త కాపురం. సిలిండర్ గోడ మొగుడు, రింగు పెళ్ళాం. మొదట్లో కాస్త రాసుకోవాలి, కాస్త కసురుకోవాలి. అప్పుడే ఒకరి వంపు ఒకరికి తెలిసి కుదురుకుంటారు. అందుకే మొదట మామూలు ఆయిల్ పోస్తాం. కొంతమంది తెలివిగలవాళ్ళు ముందే ఖరీదైన సింథటిక్ పోసేస్తారు. అది మహా జారుడు. ఇక రాపిడెక్కడిది? నున్నగా 'మీరంటే మీరు' అనుకుంటూ తిరుగుతారు గానీ, జన్మలో కుదురుకోరు. ఆ సందులోంచి ఆయిల్ పైకెక్కి ఒకటే పొగ. మనం మామూలుదే పోశాం కాబట్టి బెంగ లేదు... పోశారుగా?"

పిన్ని సామాన్ల గది వైపు ఒకసారి చూసింది.

"డబ్బా మాత్రం మామూలుదే" అంది.

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. "డబ్బా మాత్రం అంటే?"

పిన్ని ఏడుస్తూ సామాన్ల గదిలోకి వెళ్ళి, బంగారు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టి, బకెట్ కథంతా చెప్పింది. మేస్త్రీ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. కొండ ఎక్కేలోపు ఆపితే ఆ ఆయిల్ దింపేసి, బంగారు డబ్బాలో ఉన్న మామూలుది పోసి ఇంకా గట్టెక్కవచ్చన్నాడు. కొండ ఎక్కేశాక బ్రహ్మదేవుడు దిగి వచ్చినా చేసేదేమీ లేదన్నాడు.

పిన్ని భర్తకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ఆయన జేబులో అది నోరు నొక్కుకొని ఏడుస్తూ ఉండి ఉంటుంది. కూతురికి చేసింది. ఎత్తలేదు. ఎలా ఎత్తుతుంది? తల్లికి ఒట్టు వేసి వెళ్ళింది. చెప్పిన మాట విననే వినని పిల్ల, వినకూడని రోజున చక్కగా వింది.

మేస్త్రీ ఎర్ర మోటార్ సైకిల్ వైపు చూశాడు. పిన్ని కూడా చూసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కూతురు దాని మీద ఎక్కకుండా ఉండాలంటే ఇప్పుడు తను ఎక్కాలి.

"ఉండు తమ్ముడూ" అని లోపలికి వెళ్ళింది. పడితే చర్మం లేచిపోకుండా భర్త పాత చలికోటు తొడిగి మెడ దాకా బొత్తాలు పెట్టుకుంది. చేతులకు గిన్నెలు దించే తొడుగులు వేసుకుంది. మేస్త్రీ దుమ్ముకు మొహానికి తువ్వాలు చుట్టుకుంటుంటే, తను బండికి వేలాడుతున్న నల్ల అద్దం హెల్మెట్ నెత్తిన పెట్టుకొని, బంగారు డబ్బాను చంటిపిల్లలా చంకలో ఇరికించుకొని, కళ్ళు మూసుకొని వెనక సీటు మీద కూర్చుంది. ఆ అవతారంలో కన్నతల్లి కూడా ఆమెను గుర్తుపట్టదు. కన్నకూతురు సంగతి చెప్పాలా?

వీధి చివర టైలరు తన కొట్టు ముందు టేపు మెడలో వేసుకొని నిలబడి ఉన్నాడు. పిన్నిగారి గుమ్మంలోంచి మోటార్ సైకిల్ మీద ఎవరో రావడం చూసి "ఎవరది?" అన్నాడు.

"నేనేనయ్యా! చిట్టి కొండెక్కేసింది! అంతా నా చేతులారా చేసుకున్నాను!" అని అరుస్తూ పిన్ని దూసుకుపోయింది.

కంగారు పిన్ని మోటార్ సైకిల్ ఎక్కిందంటే మామూలు సంగతి కాదు. టైలరు కుట్టు మిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే వదిలేసి, స్కూటర్ తీసి వెంటపడ్డాడు.

ఊరు దాటేదాకా పిన్ని కళ్ళు తెరవలేదు. "మెల్లగా తమ్ముడూ, మెల్లగా" అంటూనే ఉంది. కొండ మొదలయ్యే చోట "అదిగో అక్కా, మన కారు!" అని మేస్త్రీ అనగానే తెరిచింది. ముందు మలుపులో తాతగారి నాటి కారు ఎత్తు ఎక్కుతోంది.

"ఇంకా చూస్తావేం? తొక్కు!" అంది.

ఎడమచేత్తో మేస్త్రీ బెల్టు పట్టుకొని, కుడిచేత్తో బంగారు డబ్బా పైకెత్తి ఊపడం మొదలుపెట్టింది. "ఆపండీ! ఆపండీ!" అని అరిచింది. హెల్మెట్లో ఆ అరుపు ఆమెకే వినపడి చెవులు గింగురుమన్నాయి. కారు ఆగలేదు సరికదా, మొర్రోమంటూ ఎత్తు మీదికి ఉరికింది. మలుపు తిరిగాక కాస్త నెమ్మదించింది. వీళ్ళు దగ్గరపడగానే మళ్ళీ ఉరికింది.

కారులో ఏం జరిగిందో పిన్నికి తర్వాత తెలిసింది.

"నాన్నా, వెనకాల వస్తున్నది మేస్త్రీ షెడ్డులోని ఎర్ర బండి! నంబరు కూడా అదే!" అందట చిట్టి అద్దంలో చూసి.

"మేస్త్రీయేనేమో."

"మేస్త్రీ ఒక్కడే తిరుగుతాడు, హెల్మెట్ పెట్టుకోడు. వీళ్ళు ఇద్దరూ మొహాలు కప్పుకున్నారు. ఎత్తుకొచ్చేశారు నాన్నా! ఆ వెనకవాడి చేతిలో పెట్రోలు డబ్బా చూడు. చెయ్యి కూడా ఊపుతున్నాడు!"

"మీ అమ్మ చెప్పనే చెప్పింది" అన్నాడట ఆయన, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతు పెంచి. "తొక్కు తల్లీ, తొక్కు!"

చిట్టి తొక్కింది. మలుపు దాటాక ఆయన వెనక్కి తిరిగి చూసి "కనబడటం లేదు, వదులు" అన్నాడు. వదిలింది. "అమ్మో, వచ్చేస్తున్నారు, తొక్కు!" మళ్ళీ తొక్కింది. కొండ పొడుగునా ఇదే వరస.

వెనక బండి మీద పిన్ని పరిస్థితి మరోలా ఉంది. ఆమె భయమంతా ముందు పరిగెడుతున్న కారులో ఉండటంతో, తను కూర్చున్నదాని మీద భయపడటానికి తీరిక దొరకలేదు. బండి వంగితే తనూ వంగింది. గతుకు వస్తే ముందే లేచి కూర్చుంది. "ఇంతేనా తమ్ముడూ దీని జోరు? బేరం రాకపోవడానికి ఇదే కారణమా?" అని కూడా అంది. మేస్త్రీకి రోషం వచ్చింది.

కొండ పైన రోడ్డుకు అడ్డంగా గేటు, పక్కన ఒక కానిస్టేబుల్. చిట్టి కారు ఆపీ ఆపకముందే "దొంగలండీ! బండి ఎత్తుకొచ్చి, పెట్రోలు డబ్బాతో వెంటపడ్డారు!" అంది. ఎన్నాళ్ళ నుంచో ఆ గేటు దగ్గర ఈగలు తోలుకుంటున్న కానిస్టేబుల్‌కు ప్రాణం లేచి వచ్చింది. గేటు దించి, లాఠీ అడ్డం పెట్టి నిలబడ్డాడు. మోటార్ సైకిల్ వచ్చి ఆగింది.

"దిగండి ఇద్దరూ! ఆ డబ్బా కింద పెట్టు! హెల్మెట్ తియ్యి!"

వెనకాల కూర్చున్న దొంగ గిన్నెలు దించే తొడుగులతో హెల్మెట్ లాగేసింది. ముడి ఊడి జుట్టంతా మొహం మీద పడింది. "ఇంజను ఆపవే నా తల్లీ!" అని బావురుమంది.

"అమ్మా!" అంది చిట్టి.

"ఆ కోటు నాదే" అన్నాడు తండ్రి.

సరిగ్గా అప్పుడే టైలరు స్కూటర్ రొప్పుతూ వచ్చింది. ఆయనా రొప్పుతూ దిగి "అమ్మాయి బతికే ఉందా?" అని చిట్టినే అడిగాడు.

కానిస్టేబుల్ ఒక్కొక్కరినీ పరకాయించి చూసి, "ముందు ఎవరైనా ఒకరు ఏడవకుండా చెప్పండి" అన్నాడు. ఆ పని పిన్ని వల్ల కాదు గనక ఏడుస్తూనే చెప్పింది. బూడిద డబ్బా, బంగారు డబ్బా, బకెట్, దుప్పట్ల మూట, అన్నీ చెప్పింది. "నీ ఇంజనును నేనే చంపుకున్నానమ్మా. ఇక ఆ ఎర్ర బండి కొనుక్కో. నేనేమీ అనను" అని ముక్కు చీదింది. ఆమె జీవితంలో ఆ మాట అంటుందని ఎవరూ అనుకోలేదు.

అందరూ చిట్టి ఏమంటుందా అని చూస్తున్నారు. దగ్గింది మాత్రం తండ్రి.

"నువ్వు... శుక్రవారం సాయంత్రమే మార్చేశావా?" అన్నాడు.

"మార్చేశానండీ."

"రాత్రి కాస్త కునుకు పట్టగానే 'మంచి ఆయిల్, మంచి ఆయిల్' అని కలవరించావు. పొద్దున్నే దుప్పటి పెట్టబోతే మూట వెనక బంగారు డబ్బా కనబడింది. కొనుక్కొచ్చి కూడా చిట్టికి చెప్పే ధైర్యం చాల్లేదేమో పాపం అనుకున్నాను. నీ మనసు ఎందుకు కష్టపెట్టాలని..." ఆయన గొంతు సవరించుకున్నాడు. "బకెట్ తీసుకొని నేనే మార్చేశాను."

టైలరు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. బూడిదలోది బంగారంలోకి, బంగారంలోది బూడిదలోకి. మళ్ళీ బూడిదలోది బంగారంలోకి...

"అంటే," అన్నాడు మేస్త్రీ, "ఇంజనులో ఉన్నది..."

"బకెట్ జిడ్డుగా ఉందేమిటా అనుకున్నాను" అన్నాడు భర్త. "కడిగి బోర్లించాను."

మేస్త్రీ ఇంక ఆగలేదు. జేబులోంచి తెల్లటి రుమాలు తీసి కారు వెనక చతికిలబడ్డాడు. "స్టార్ట్ చెయ్యి చిట్టమ్మా! తొక్కు! వదులు! ఇంకాస్త తొక్కు!" రుమాలు సైలెన్సర్ గొట్టం దగ్గర రెపరెపలాడింది. పిన్ని కానిస్టేబుల్ చెయ్యి గట్టిగా పట్టుకొని కళ్ళు మూసుకుంది. మేస్త్రీ రుమాలు ఎండకెత్తి ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు. కాస్త తడి తప్ప నూనె మరక అన్న మాట లేదు.

"ఎన్నో ఇంజన్లు కట్టాను గానీ, ఇంత బాగా కుదురుకున్నది చూడలేదు" అన్నాడు. "ఎత్తు మీద తొక్కడం, వదలడం, సరిగ్గా నేను చెప్పినట్టే. అంత పద్ధతిగా ఎలా నడిపావమ్మా?"

"దొంగలు నేర్పారు" అంది చిట్టి, తల్లి జుట్టు సరిచేస్తూ.

"ఇంజను సంగతి సరే. అక్కా, బావగారూ, రాసుకొని రాసుకొని మీ ఇద్దరికీ కూడా రింగులు బాగానే కుదురుకున్నాయి. ఒకే ఆలోచన, ఒకే బకెట్!" అని మేస్త్రీ బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్క నుంచి తన స్పానర్ తీసుకొని కళ్ళకద్దుకున్నాడు.

పిన్ని కళ్ళు తుడుచుకొని భర్త వైపు చూసింది. ఆయన ఎండలో నిలబడి నవ్వుతున్నాడు. "చెప్పొచ్చు కదండీ" అంది. "నువ్వూ చెప్పొచ్చు కదా" అన్నాడు. అంతకన్నా ఏమీ అనుకోలేదు. అనుకోవలసిన అవసరం కనిపించలేదు. తల్లి తిరిగి అడిగేలోపే చిట్టి మాట ఇచ్చేసింది. సోమవారం కారులోనే వెళ్తుంది. కొండ గాలి చల్లగా వీచింది. అది ఏ కిటికీ రెక్క ఎవరి నెత్తి మీద వేస్తుందోనన్న ఆలోచన పిన్నికి రానేలేదు.

కానిస్టేబుల్ అయిష్టంగా గేటు ఎత్తాడు. చిట్టి కారు వెనక తలుపు తెరిచి పట్టుకుంది. "రా అమ్మా, వెళ్దాం."

పిన్ని కారు వైపు చూసింది. తర్వాత ఎర్ర మోటార్ సైకిల్ వైపు చూసింది. కోటు బొత్తం ఒకటి ఊడితే మళ్ళీ పెట్టుకుంది.

"ముగ్గురి బరువు కొత్త ఇంజనుకు మంచిది కాదేమోనే" అంటూ హెల్మెట్ తగిలించుకుంది.